పురి

కొత్తవాడ నుంచి వచ్చింది.
కుడిచెయ్యికి కట్టు, ఎడమచేతిల చిట్టీ.
ఆడెపు భూలక్ష్మి, యాభై రెండు.
మెట్ల మీద జారలే, బండి తగలలే,
మగ్గం గుంతలకెళ్లి లేస్తూ
అరచెయ్యి నేలకానించిందట, అంతే.
"ఎండుపుల్ల ఇరిగిన సప్పుడు సారూ.
మగ్గమే ఇరిగిందనుకున్న."

డాక్టరమ్మ రాసిన పరీక్ష
హన్మకొండ చౌరస్తా ఎనుక మా సందుకు
నెలకొక్కటి గూడ రాదు.
హోమోసిస్టీన్.
ఆమె ఆ పేరును నోట్లె రెండుసార్లు తిప్పింది,
తెగిన పోగును అతికేముందు
ఉమ్మితడితో నలిపినట్టు.

ఈ రక్తం తీసినంక గూడ ఊకోదు.
గొట్టంల ఎర్రకణాలు వాటి పని అవి చేస్కుంటనే ఉంటయి,
ఆలిస్యమైనకొద్దీ లెక్క పెరుగుతది,
అబద్ధమైతది.
ఐసుల పెట్టాలె, గంటలోపల మిషన్ల తిప్పాలె.
మా ఫ్రిజ్జు వారం నుంచి పాడు.
చెరుకురసం యాకూబ్ కాడికి ఉరికి
పొట్టంటిన గడ్డ తెచ్చిన.
"రక్తానికి రసం కలుపుతవా ఏంది" అన్నడు.

నాలుగొద్దులకు కాయితమొచ్చింది.
పదిహేను దాటొద్దు. ముప్పై నాలుగుంది.
బీట్వెల్వ్ అడుగంటింది.
ఎముకల స్కానేమో పెద్దగ తప్పు పట్టలే,
బరువు సరిపోయిందన్నది.
"మరెందుకిరిగింది?"

నేను డాక్టర్ను గాను,
పన్నెండేండ్ల సంది సూది గుచ్చేటోణ్ణి.
అయినా చెప్పిన:
ఎముకంటె ఉత్త సున్నం గాదమ్మా,
లోపల పోగులుంటయి, కొలాజెన్ అంటరు,
పోగుకు పోగుకు నడుమ ముడులుంటయి.
ఇది రక్తంల ఎక్కువైతె
ఆ ముడులు సక్కగ పడనియ్యదంటరు.

నవ్వింది.
"గింతేనా. పురి పోయిందన్నట్టు.
పోగు లావు పోగే, తూకం తూకమే,
జంపఖానా పరిస్తె నిండుగనే కనబడతది.
పెండ్లిల నలుగురు కూసోని లేస్తె తెలుస్తది."

మాంసం తింటవా అని అడిగిన.
"పదకొండేండ్లాయె."
సొసైటీ మూతపడొద్దని
ఐలోని మల్లన్నకు మొక్కిందట.
మాంసం, చాప, గుడ్డు, అన్నీ ఇడిసింది.
పాలంటరా, చాయల చుక్క.
రెండో ఏడే సొసైటీకి తాళం పడ్డది.
"తాళం పడ్డంక తింటె
దేవుని మీద అలిగినట్టుంటది గద సారూ."

వారానికో సూదిమందు, రోజుకో గోలీ.
"ఇండ్ల మాంసముంటదా?"
లేదు, కంటికి కనబడని జీవులు చేస్తయి.
"పట్టుపురుగుల్లెక్కన?"
ఇంచుమించు.
"కష్టం చేసే పురుగులైతె పర్వలే" అని
ఎడమ జబ్బ చాపింది.

డాక్టరమ్మ దాపెట్టకుండ చెప్పిందట,
అంకె దిగుతది, అది ఖాయం,
ఎముక మాట ఇంటదా అంటే
లోకంల ఇంకా తేలలేదని.
భూలక్ష్మి దూదిని వత్తుకుంట కాసేపు కూసున్నది.
"మొక్కు గూడ అసోంటిదే.
మనం దిగుతం. అవతలోడు..."
అని ఆపేసి, చిల్లర లెక్కపెట్టింది.

మూడు నెలలకు మల్ల వచ్చింది.
కట్టు ఇప్పిండ్రు. మణికట్టు జరంత వంకర.
సేటు చిన్న పట్టీలే ఇస్తున్నడట,
పెద్ద జంపఖానాకు ఈ చెయ్యి ఆగదని.
రక్తం తీసిన, దూదిచ్చిన.
మచ్చంత నెత్తురంటిన ఆ దూదిని
తనకే తెల్వకుండ కుడిచేతి ఏళ్లతోని
నులుముకుంట, సాగదీసుకుంట
జానెడు పోగు చేసింది.
రెండు కొనలు పట్టి గుంజింది.
తెగలే.
ఇంకోసారి గుంజింది,
ఈసారి కండ్లు మూసుకొని.

గొట్టం నా చేతిలనే ఉన్నది, ఎచ్చగ.
ఐసు మర్సిపోయిన.
అంకె లోపల లోపలే పెరుగుతున్నట్టనిపించి
చెప్పులేసుకోకుండనే
యాకూబ్ బండి దిక్కు ఉరికిన.